మెరక నేల చరిత్ర: మంద కుక్క, తండా కుక్క

కిందటి రెండు భాగాల్లో పాలమూరు, నల్లగొండ మెరకల మీద గొర్రె ఎలా బతికిందో, దాని ఉన్నితో గొంగడి ఎలా పుట్టిందో చూశాం. ఆ గొర్రెను రాత్రిపూట ఎవరు కాశారన్న ప్రశ్న మిగిలిపోయింది. గొల్ల, కురుమ కాపరుల ప్రస్తావన చరిత్రలో అరకొరగానైనా ఉంది. వాళ్ల వెంట నడిచిన కుక్క ప్రస్తావన దాదాపు లేదు. యజమాని పట్ల విశ్వాసానికి పేరుపడ్డ కుక్కజాతి ఏదని అడిగితే తెలుగువాళ్లలో కొందరు తుంగభద్రకు అవతల, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన పేరు చెబుతారు. కొల్లేటి ప్రాంతం వాళ్లు బాతుల మందలను కాసే జోనంగి పేరు చెబుతారు. ఇంకొంచెం దూరం వెళితే కర్ణాటకలో ముధోల్, తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై ఉన్నాయి. కృష్ణకు ఉత్తరాన, మూసీకి దక్షిణాన ఉన్న మన మెరకకు అలాంటి పేరు ఒక్కటీ రాలేదు. ఇక్కడ చెప్పుకోదగ్గ కుక్క లేకపోవడం వల్ల ఈ ఖాళీ ఏర్పడిందని అనుకోవడం తేలిక. నా వాదన వేరు. ఇక్కడ కుక్క ఉంది, దానికి పనీ ఉంది, పని నేర్పిన విశ్వాసమూ ఉంది. దాన్ని జాతి అని రాసిపెట్టే రాజు మాత్రం లేడు. విశ్వాసాన్ని రక్తంలో వెతికే అలవాటు మనకు ఈమధ్యే వచ్చింది. దాని అసలు చిరునామా బతుకుతెరువులో ఉంది.

జాతి అనే భావన వయసు ముందు చూడాలి. కుక్కలకు వంశావళి పుస్తకాలు పెట్టి, కొలతలు నిర్ణయించి, ఇది జాతి, ఇది కాదు అని తీర్పు చెప్పే పద్ధతి లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ పుట్టాక స్థిరపడింది. మన దక్కనులో దానికి చక్కని ఉదాహరణ ముధోల్. నేటి బాగల్‌కోట్ జిల్లాలోని ఆ చిన్న సంస్థానాన్ని ఏలిన మాలోజీరావు ఘోర్పడే, చుట్టుపక్కల వేటజనం దగ్గరున్న సన్నని, వేగమైన కుక్కలను చేరదీసి ఏరి పెంచాడు. ఇంగ్లండు రాజు అయిదవ జార్జికి కుక్కపిల్లలను బహూకరించాడని ప్రసిద్ధి. ఆ తరువాత దానికి ఊరి పేరు వచ్చింది, 2005లో తపాలాబిళ్ల వచ్చింది, తిమ్మాపూర్‌లో పరిశోధన కేంద్రం వచ్చింది, సైన్యంలో చోటు దొరికింది, 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావన వచ్చింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ మొదటగా నమోదు చేసిన మూడు కుక్కజాతుల్లో ముధోల్ ఒకటి. మిగతావి రాజపాళయం, చిప్పిపారై. ఇవన్నీ ఆ కుక్కకు దక్కవలసిన గౌరవాలే. అయితే రాజు చేరదీయక ముందు కూడా ఆ కుక్క అక్కడే ఉంది, పేదవాళ్ల గుడిసెల ముందు, అదే వేగంతో, అదే నమ్మకంతో. రాజు దాన్ని సృష్టించలేదు, కాగితం మీదికి ఎక్కించాడు. మనకూ సంస్థానాలుండేవి. గద్వాల, వనపర్తి, జటప్రోలు చిన్నవేమీ కావు. గద్వాల సంస్థానం నేతను ఆదరించింది కనుక ఆ చీర లోకమంతా తెలిసింది. కుక్కను ఆదరించినవాళ్లు లేరు.

జపాను సంగతి ఈ మాటకు మరింత బలమిస్తుంది. విశ్వాసం అనగానే ప్రపంచమంతా తలచుకునే హచికో అకితా జాతి కుక్క. దాని యజమాని, టోక్యోలో ఆచార్యుడైన ఉయెనో, 1925లో చనిపోయాడు. ఆ తరువాత దాదాపు పదేళ్లు అది ఆయన కోసం షిబుయా రైల్వే స్టేషన్‌కు వస్తూనే ఉంది. ప్రభుత్వం అకితాను కాపాడవలసిన సహజ సంపదగా ప్రకటించింది 1931లో. హచికో కథ పెద్ద పత్రికకెక్కి దేశమంతా తెలిసింది 1932లో. కంచు విగ్రహం లేచింది 1934లో, అది ఇంకా బతికుండగానే. స్వదేశీ జాతి మీద గర్వం ఉప్పొంగిన రోజుల్లోనే ఒక కుక్క ఎదురుచూపు మొత్తం జాతి గుణంగా ప్రచారమయింది. హచికో నిజంగానే ఎదురుచూసింది, అందులో సందేహం లేదు. ఆ విశ్వాసాన్ని జాతి ఖాతాలో వేసింది మాత్రం ఆ కాలం.

ఇప్పుడు మన నేలకు వద్దాం. పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తువేత్త ఒక బూడిద దిబ్బను తవ్వాడు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ దిబ్బలో గట్టి గుంజలు పాతి కట్టిన పసుల దొడ్ల ఆనవాళ్లు, వాటి నడుమ నేల మీద అచ్చుపడిన గిట్టల గుర్తులు దొరికాయి. పేడ పోగుపడటం, దాన్ని కాల్చడం, మళ్లీ దొడ్డి కట్టడం అక్కడ పదేపదే జరిగాయి. ఆ దొడ్లో కుక్క ఉండేదని నేను దీన్నిబట్టి వాదించను. పసులను రాత్రిపూట కాపాడుకోవడం ఈ నేల మీద ఎంత పాత, ఎంత పెద్ద పనో ఆ గుంజలు చెబుతాయి, అంతవరకే. వాన తక్కువ, రాయి ఎక్కువ, గట్లూ గుట్టలూ ఎక్కువ అయిన చోట సేద్యం కంటే మంద నమ్మకమైన ఆస్తి. ఆ ఆస్తి రాత్రి తెల్లవారేలోగా తోడేలు నోటికో, దొంగ చేతికో పోవచ్చు. నల్లగొర్రెల మందలు ఎండాకాలానికి పచ్చిక వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డుకూ నల్లమల వైపుకూ నెలల తరబడి పోతాయి. దారిలో రైతు పొలంలో మంద పెట్టి, ఎరువుకు బదులుగా గింజలో పైసలో తీసుకోవడం పాత ఏర్పాటు. పరాయి ఊరి బీడులో, గోడలేని చోట, వందల గొర్రెలకు ఇద్దరు ముగ్గురు మనుషులు కాపలా. పగలంతా నడిచినవాళ్లు రాత్రంతా మేలుకొని ఉండలేరు. ఆ నిద్రను సాధ్యం చేసింది కుక్క. దీన్ని అలంకారంగా అనడం లేదు. మందతో దూరాలు పోవడం అనే బతుకుపద్ధతి నిలబడటానికి కాపరి చెవి కంటే పదునైన చెవి ఒకటి కావాలి.

మంద కుక్క తయారయ్యే తీరు కూడా గమనించదగింది. కళ్లు తెరిచిన కొద్ది వారాలకే కుక్కపిల్లను మంద నడుమ వదిలితే అది గొర్రె వాసనలో, కాపరి గొంతులో పెరుగుతుంది. గొర్రెపిల్ల దానికి తినే వస్తువుగా కాక తోటిదిగా అలవాటవుతుంది. ఇలాంటి కుక్కకు యజమాని ఎవరని అడిగితే జవాబు సూటిగా రాదు. అది కాపరి మాట వింటుంది, కానీ కాపరి మంద వదిలి ఊళ్లోకి పోతే అతని వెంట పోకుండా మంద దగ్గరే ఆగాలి. ఒక మనిషి పాదాల వెంట తిరగడమే విశ్వాసమని నగరవాసి అనుకుంటాడు. కాపరి కోరే విశ్వాసం దాదాపు దానికి ఎదురు. యజమాని కంటికి కనబడని వేళ కూడా అతని ఆస్తిని వదలకపోవడం. వెంటబడి తిరిగే కుక్క మందకు పనికిరాదు.

ఈ రకం విశ్వాసానికి రాతి సాక్ష్యాలు ఉన్నాయి. తమిళనాడు తిరువణ్ణామలై జిల్లా ఎడత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఒకటుంది. పసులను కాపాడుతూ చనిపోయిన వీరుడి పక్కన కుక్క బొమ్మ చెక్కి, దాని పేరు కోవివన్ అనీ, అది దొంగలను కరిచి అక్కడే కాపలాగా నిలిచిందనీ రాశారు. ఏడవ శతాబ్దంలో ఒక కుక్కకు పేరుతో సహా శాసనం దక్కడం చిన్న విషయం కాదు. కర్ణాటక మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి శాసనం ఇంకా ప్రసిద్ధం. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు, గంగ బూతుగుడు కలిసి తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుణ్ని ఓడించి చంపిన విషయం చెప్పే శాసనమది. ఆ యుద్ధంలో వీరత్వం చూపిన మనలేరుణ్ని ఏం కావాలో కోరుకోమంటే, ధనం కాదని బూతుగుడి దగ్గరున్న కాళి అనే వేటకుక్కను కోరుకున్నాడు. తరువాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చాయి. కాళి కోసం గుడి ముందు రాయి నిలిపి, భూమి రాసిచ్చి, పూజకు ఏర్పాటు చేశారు. పూజ చేయకుండా అన్నం తింటే పూజారికి పాపమని కూడా చెక్కించారు.

ఇవి తమిళ, కన్నడ దేశాల రాళ్లు కదా, మన మెరకకు వీటితో ఏం సంబంధమని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆతకూరు రాయి నిలిచిన రోజుల్లో తెలంగాణ కూడా రాష్ట్రకూటుల ఏలుబడిలోనే ఉంది. వాళ్ల సామంతులైన వేములవాడ చాళుక్యులు ఇక్కడ పాలించారు. పసుల దాడి, పసుల కాపు, ఆ పోరులో చచ్చినవాడికి రాయి నిలపడం దక్కనంతటికీ ఉమ్మడి ఆచారం. అలాగని అక్కడి కుక్క ఇక్కడ ఉందని నేను అనడం లేదు. అదే పని ఉన్నచోట అదే విలువ పుడుతుందని మాత్రం అంటున్నాను. ఆ విలువకు మన దగ్గర రాయి కంటే గట్టి సాక్ష్యం దేవుడి రూపంలో ఉంది. కురుమలు, గొల్లలు కొలిచే మల్లన్న, కన్నడ సీమ మైలారుడు, మరాఠీ సీమ ఖండోబా ఒకే దేవుడి రూపాలు. ఖండోబా బొమ్మల్లో గుర్రంతో పాటు కుక్క ఉంటుంది. ఆ దేవుడికి అంకితమైన భక్తులు తమను ఆయన కుక్కలుగా ఎంచుకొని మొరుగుతారు, పళ్లెంలో నోటితో తింటారు. తెలుగు శతకాల్లో, సామెతల్లో కుక్క పేరు తిట్టుగానే ఎక్కువ వినబడుతుంది. పండితుడి లోకంలో నీచమైనది కాపరి లోకంలో భక్తికి కొలమానమైంది. ఈ రెండు చూపుల్లో ఏది కుక్కతో పనిచేసిన అనుభవం నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

మెరకలో కుక్కకు రెండో పెద్ద ఆశ్రయం లంబాడా తండా. ఈనాడు దేవరకొండ గుట్టల్లో, పాలమూరు బీళ్లలో స్థిరపడి కనబడే తండాలు ఒకప్పుడు కదిలే ఊళ్లు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు వాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాదిన తనకు ఎదురైన ఒక్క బిడారులో 14,000 ఎడ్లున్నాయని రాశాడు. గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన తావెర్నియె పది, పన్నెండు వేల ఎడ్ల వరుసలను వర్ణించాడు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి పోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం తిన్న గింజలు చాలావరకు ఈ లంబాడాలు, అంటే బంజారాలు మోసినవే. సముద్రపు ఉప్పు మెరక మీదికి ఎక్కిందీ వీళ్ల ఎడ్ల మీదే. ఇంత సరుకు రాత్రి ఆరుబయట దిగుతుంది. గోనెలను గోడలా పేర్చి, ఎడ్లను, ఆడవాళ్లను, పిల్లలను లోపల ఉంచి, బయటి వలయాన్ని కుక్కలకు అప్పగించాలి. తండా కుక్క ఒకరి కుక్క కాదు. తండా మనిషి ఎవరో, పరాయివాడు ఎవరో చీకట్లో గుర్తుపట్టడం దాని పని.

ఈ కుక్క గురించి బంజారాల్లో ఒక కథ ఉంది. అప్పు కోసం బంజారా తన కుక్కను సావుకారు దగ్గర తాకట్టు పెడతాడు. సావుకారు ఇంట్లో దొంగలు పడితే, వాళ్లు దాచిన సొత్తును కుక్క చూపిస్తుంది. సంతోషించిన సావుకారు అప్పు తీరిందని చీటీ రాసి మెడకు కట్టి కుక్కను పంపేస్తాడు. ఎదురొస్తున్న కుక్కను చూసి, మాట తప్పి పారిపోయి వచ్చిందని బంజారా దాన్ని చంపుతాడు. తరువాత చీటీ చూసి ఏడుస్తాడు, సమాధి కడతాడు. ఛత్తీస్‌గఢ్ బాలోద్ జిల్లా ఖప్రీలోని కుకుర్‌దేవ్ గుడికి ఇదే స్థలపురాణం. మధ్యప్రదేశ్ దిండోరీ దగ్గరి కుకర్రామఠానికీ ఇదే కథ అంటిపెట్టుకుంది. ఇది చరిత్ర కాదు, తిరుగుడు కథ అనే అభ్యంతరం సరైనదే. బ్రాహ్మణుడు తొందరపడి ముంగిసను చంపిన పంచతంత్రం కథ దీనికి దగ్గరి చుట్టం. వేల్స్ దేశంలో గెలర్ట్ అనే కుక్క సమాధిగా చూపే రాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర ఒక సత్రం యజమాని పెట్టించినవని అక్కడివాళ్లే ఒప్పుకుంటారు. ఖప్రీ గుడి కూడా అసలు శివాలయమే. కాబట్టి ఫలానా బంజారా ఫలానా కుక్కను చంపాడని ఎవరూ నమ్మనక్కరలేదు. కానీ తిరుగుడు కథ ఒక జనం చేతిలో పడ్డాక ఏ రూపం తీసుకుందో చూడండి. పంచతంత్రంలో ముంగిస పసిపిల్లను కాపాడుతుంది, గెలర్టూ అంతే. బంజారా కథలో కుక్క కాపాడేది పరపతిని. ఇచ్చిన మాట మీద, పరాయి సొమ్మును గమ్యానికి చేర్చడం మీద బతికిన జనం, తమ వృత్తి ధర్మాన్ని కుక్కలో చూసుకున్నారు. తప్పు చేసింది మనిషి అని కూడా ఒప్పుకున్నారు. ఈ కథకు చారిత్రక విలువ అక్కడుంది.

నల్లమల చెంచుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాళ్లకు ముందు ముందు ఒక పూర్తి భాగం ఉంది. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చూసిన సమాజంలో ఆస్తి చాలా తక్కువ. విల్లు, గొడ్డలి, తవ్వుకోల, నాలుగు కుండలు. వాటితో పాటు కుక్క. ఇక్కడ దాని పని వేట, విశ్వాసం ఒక మనిషికి, ఒక కుటుంబానికి. మంద కుక్క, తండా కుక్క, చెంచు కుక్క రూపంలో పెద్ద తేడా లేనివి కావచ్చు. విశ్వాసం తీరు మాత్రం మూడింటికీ మూడు రకాలు, ఎందుకంటే పని మూడు రకాలు.

నా వాదనకు అసలైన పరీక్ష జీవశాస్త్రం నుంచి వస్తుంది. పరుగు, ముక్కు పదును, వెంటాడే తహతహ వారసత్వంగా వస్తాయని పెంపకందార్లకు వేల ఏళ్లుగా తెలుసు. విశ్వాసం మాత్రం ఎందుకు రాదు? కొంత వస్తుంది, కాదనను. మనిషి చెప్పింది వినే స్వభావంలో వారసత్వం పాలు ఉంది. అయితే అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఐదు జాతుల కుక్కపిల్లలను పెంచి 1965లో ప్రకటించిన ఫలితాల్లో కీలకమైనది ఇది: సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఎవరి మధ్య పెరిగితే వాళ్లతోనే కుక్కకు బంధం ముడిపడుతుంది. ఆ గడువు మనిషి ముఖం చూడకుండా దాటిపోతే ఎంత గొప్ప జాతిపిల్ల అయినా మనిషికి బెదురుతుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన 18,000కు పైగా కుక్కల యజమానుల జవాబులను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను కలిపి చూసింది. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. మన కాపరికి ఈ లెక్కలు తెలియవు. మూడు నాలుగు వారాల పిల్లనే మందలో వదలాలని మాత్రం తెలుసు.

మరొకరు ఇంకో వైపు నుంచి అడ్డు చెప్పవచ్చు: ఇదంతా మనుషుల భావుకత, కుక్క గటక కోసం, ఎముక కోసం ఉంటుంది, విశ్వాసమని మనం పేరు పెట్టుకున్నాం. తిండి ఉన్న మాట నిజమే. కానీ తిండి ఒక్కటే అయితే ఎక్కువ పెట్టినవాడి వెంట పోవాలి. మంద పెట్టిన ఊళ్లో, తండా దిగిన సంతలో తిండి ఎప్పుడూ ఎక్కువే, అయినా తెల్లవారి మంద కదిలితే కుక్క కదిలింది. అలా కదలని కుక్కతో ఈ బతుకులు సాగి ఉండేవే కావు. అంతేకాదు, ఇది ఒక వైపు బంధం కాదు. కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథను మనం చిన్నప్పటి నుంచీ వింటాం. ఆతకూరులో మనిషి భూమి రాసిచ్చాడు. కాపరి తన కడిలో భాగం పెట్టాడు. విశ్వాసం కుక్క గుణమని పొగడటంలో మనిషి తన వంతు బాధ్యతను తప్పించుకునే సౌకర్యం ఉంది.

ఆ వంతే తెగిపోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు, 1889 నాటికి బెజవాడకు రైలు కలిశాక ఉప్పు ఎడ్ల మీద రావలసిన అవసరం పోయింది. బిడారు ఆగింది, తండా నేలకు కట్టుబడింది. నిజాం పాలనలో లంబాడాలు వర్తకం పోగొట్టుకొని, కూలీలై, దొంగలన్న ముద్ర మోసిన తీరును చరిత్రకారుడు భంగ్యా భూక్యా తన పరిశోధనలో వివరంగా చూపాడు. మనిషికే గౌరవం పోయినచోట అతని కుక్కను గౌరవించేదెవరు? బీళ్లు సాగులోకి వచ్చి, కంచెలు పడి మందల దారులూ ఇరుకయ్యాయి. 2017లో ప్రభుత్వం గొల్ల, కురుమలకు గొర్రెలు పంచినప్పుడు ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు అని లెక్కగట్టింది. కుక్క ఎవరి లెక్కలోకీ రాలేదు. పని పోయిన కుక్కకు మనం పెట్టుకున్న పేరు ఊరకుక్క. వాటివల్ల పిల్లలు గాయపడుతున్నారు, చనిపోతున్నారు కూడా. ఆ తల్లిదండ్రుల బాధ ముందు చరిత్ర పాఠాలు చెల్లవు. గర్భనిరోధక శస్త్రచికిత్సలు, టీకాలు పంచాయతీలు తప్పక చేయించవలసిన పని, 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నదీ అదే. కానీ 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రివేళ తుపాకులతో వచ్చి దాదాపు 20 కుక్కలను కాల్చి చంపిన ఘటన పరిష్కారం కాదు, నేరం.

మెరక మీద మంద ఇంకా పోలేదు, తండాల్లో కాపలా కుక్కలు ఇంకా ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం దేవరకొండ, అచ్చంపేట, మక్తల్, నారాయణపేట వైపు మందల వెంట తిరిగి ఈ కుక్కల కొలతలు, పెంపకం పద్ధతులు, రక్తనమూనాలు నమోదు చేయాలి. కొత్త జాతి పేరు రావాలన్న పట్టుదల అక్కరలేదు. పని రాసిపెడితే చాలు. ఈ వ్యాసం చదివే కాపరి కుటుంబాల పిల్లలు, తండాల్లో చదువుకున్నవాళ్లు ఆ పని విశ్వవిద్యాలయం కోసం ఆగకుండా మొదలుపెట్టవచ్చు. మీ ఇంటి పెద్దలను అడిగి, మంద కుక్కను ఎలా ఎంచేవారో, ఏ పేరుతో పిలిచేవారో, ఏ దారిలో ఏది కాచిందో తేదీలతో సహా రాసి పెట్టండి.